రాళ్ల చదువు నేర్పిన కల్లిడైకురిచ్చి శాస్త్రి

చోళుల మీద ఎవరు ఏం రాయాలన్నా ముందు ఒక పేరు తలచుకోక తప్పదు. ప్రాచీన చరిత్రలో ఎం.ఎ. చేరిన విద్యార్థికి మొదటి వారాల్లోనే ఆ పేరు ఎదురవుతుంది. సివిల్స్ పరీక్షలకు తయారయ్యేవాళ్లు ఇప్పటికీ ఆయన పుస్తకం తిరగేస్తారు. ఆయనే ఆచార్య కె.ఎ. నీలకంఠ శాస్త్రి. తంజావూరు పెద్దగుడి కట్టించిన రాజరాజు గురించి, సముద్రం దాటి దండెత్తిన రాజేంద్రుడి గురించి ఈనాడు మనకు ఇంత వివరంగా తెలుసంటే అందులో ఆయన కష్టం చాలా ఉంది. తమిళ రాజుల చరిత్రకు పెద్దదిక్కయిన ఈ పండితుడు పుట్టింది మాత్రం తెలుగు కుటుంబంలో.

తామ్రపర్ణి ఒడ్డున

తిరునెల్వేలికి పడమరగా, కొండల దిగువన తామ్రపర్ణి నది పారుతుంది. ఒక ఒడ్డున అంబాసముద్రం, ఇవతలి ఒడ్డున కల్లిడైకురిచ్చి. అప్పడాలకు పేరుపడ్డ ఊరు. 1892 ఆగస్టు 12న నీలకంఠ శాస్త్రి అక్కడి తెలుగు నియోగి కుటుంబంలో పుట్టారు.

విజయనగర రాజుల కాలంలోను, తర్వాత మదురై నాయకుల ఏలుబడిలోను తెలుగువాళ్లు ఈ సీమకు పెద్దయెత్తున వచ్చి స్థిరపడ్డారు. పాలెగాళ్లు, సైనికులు, రైతులు, పండితులు, అందరూ ఉన్నారు వారిలో. ఇంట్లో ఒక భాష, వీధిలో ఇంకో భాష వాళ్లకి మామూలే. పేర్లు పెట్టుకునే పద్ధతి కూడా మారిపోయింది. అవతల ఆంధ్రలో పేరుకు ముందు ఇంటిపేరు ఉంటే ఇక్కడ ఊరి పేరు వచ్చి చేరింది. శాస్త్రి పూర్తి పేరు కల్లిడైకురిచ్చి అయ్యా నీలకంఠ శాస్త్రి. ఊరే ఆయనకు ఇంటిపేరయింది.

ఇంటర్మీడియట్‌కు సమానమైన ఎఫ్.ఎ. చదువు తిరునెల్వేలి హిందూ కళాశాలలో అయింది. పై చదువుకు మద్రాసు క్రిస్టియన్ కాలేజీకి వెళ్లారు. అప్పటికి ఆ కాలేజీ తాంబరం మారలేదు, జార్జిటౌన్‌లోనే ఉండేది. చరిత్రలో ఎం.ఎ. రాసి మద్రాసు రాజధాని మొత్తానికీ మొదటివాడిగా వచ్చారు. మద్రాసు రాజధాని అంటే చిన్న ప్రాంతమేం కాదు. అటు గంజాం నుంచి ఇటు తిరునెల్వేలి దాకా, పడమట బళ్లారి, మలబారు కలుపుకుని ఒకటే పరీక్ష.

ఎం.ఎ. తర్వాతే అసలు చదువు

1913లో తాను చదివిన తిరునెల్వేలి హిందూ కళాశాలలోనే పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు. అయిదేళ్ల తర్వాత, 1918లో, కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో చరిత్ర ఆచార్య పదవి వచ్చింది. రెండేళ్లు అక్కడ పనిచేసి దక్షిణానికి తిరిగొచ్చారు. 1920లో చిదంబరంలో అణ్ణామలై చెట్టియార్ పెట్టిన మీనాక్షి కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యారు. తర్వాత అణ్ణామలై విశ్వవిద్యాలయంగా ఎదిగింది ఆ కళాశాలే.

చిదంబరం చోళ దేశం నడిబొడ్డు. ఎటు వెళ్లినా గుడి, ఏ గుడి గోడ చూసినా శాసనం. రాజు ఎవరు, ఎన్నో ఏట, ఎవరు ఎంత భూమి ఇచ్చారు, దీపానికి ఎన్ని గొర్రెలు వదిలారు, పన్ను ఎవరు కట్టాలి, అన్నీ ఆ గోడల మీద ఉన్నాయి. చదివేవాళ్లే తక్కువ.

అప్పట్లో శాసనం చదవడం అంటే ఇప్పుడు ఫోటో తీసుకున్నంత సులువు కాదు. రాయి కడగాలి. తడి కాగితం పరచి, కుంచెతో కొట్టి అక్షరాల గుంటల్లోకి దించాలి. పైన మసి అద్ది నకలు తీయాలి. అది చదవడానికి పాత తమిళ లిపి రావాలి, సంస్కృత భాగం వస్తే గ్రంథ లిపి రావాలి. ప్రభుత్వ శాసన శాఖ 1887 నుంచి ఈ పని చేస్తూ ఏటా నివేదికలు వేసేది. దక్షిణ భారత శాసనాల సంపుటాలు 1890 నుంచి రావడం మొదలయ్యాయి. అయినా చాలా శాసనాలకు అచ్చు పాఠం లేదు. నివేదికలో రెండు మూడు వరుసల సారాంశమే దిక్కు.

ఈ వేలకొద్దీ ముక్కల్ని పోగేసి ఒక కథగా పేర్చే పని శాస్త్రి తలకెత్తుకున్నారు. 1929లో పాండ్య రాజ్యం మీద ఆయన పుస్తకం వెలువడింది. అదే ఏడు తిరుచ్చి నేషనల్ కళాశాలలో కొద్దికాలం పనిచేశాక మద్రాసు విశ్వవిద్యాలయం నుంచి పిలుపు వచ్చింది. అక్కడ చరిత్ర, పురావస్తు శాస్త్రానికి 1914 నుంచి ఆచార్య పీఠం ఉంది. దాని మొదటి ఆచార్యుడు సాక్కోట్టై కృష్ణస్వామి అయ్యంగార్ పదవీ విరమణ చేయగా ఆ స్థానంలో శాస్త్రి కూర్చున్నారు. 1946 దాకా అక్కడే ఉన్నారు.

రెండేళ్ల తేడా

చోళుల చరిత్ర రాయడంలో మొదటి చిక్కు తేదీలది. తెలుగు శాసనాల్లో చాలావాటికి శక సంవత్సరం ఉంటుంది. దానికి 78 కలిపితే క్రీస్తు శకం వచ్చేస్తుంది. చోళుల తమిళ శాసనాల్లో ఎక్కువగా ఉండేది ఫలానా రాజు ఏలుబడిలో ఎన్నో ఏడు అన్నది మాత్రమే. ఆ రాజు ఎప్పుడు గద్దెనెక్కాడో తేలితే తప్ప ఆ అంకెతో ఉపయోగం లేదు.

ఇంకో చిక్కు. రాజరాజు 985లో రాజయ్యాడు, 1014లో పోయాడు. కొడుకు రాజేంద్రుడి ఏడులు 1014 నుంచి లెక్కపెడితే తప్పే. తండ్రి బతికుండగానే, 1012లో, అతన్ని పాలనలో భాగస్వామిని చేసుకున్నాడు. రాజేంద్రుడి ఏడులు అక్కడి నుంచి లెక్క. ఇది తెలియని విద్యార్థి ప్రతి సంఘటననూ రెండేళ్లు పక్కకు జరుపుతాడు.

తిరుత్తణి దగ్గరి తిరువాలంగాడులో దొరికిన రాగి రేకులది మరో తమాషా. దానం రాజేంద్రుడి 6వ ఏట ఇచ్చారు, అంటే 1017-18. అయితే రేకుల్లోని సంస్కృత భాగం 1025 నాటి కడారం దండయాత్రను కూడా పొగుడుతుంది. ఇంకా జరగని యుద్ధాన్ని ముందే ఎలా పొగిడారు? సంస్కృత భాగం తర్వాత కలిపి చెక్కించారన్నదే సమాధానం. రేకుల మీద ఉన్న తేదీ చూసి మొత్తం అప్పటిదే అనుకుంటే బోల్తా పడతాం.

ఇలాంటి ముడులు వందల్లో విప్పుకుంటూ శాస్త్రి చోళుల చరిత్ర రాశారు. మొదటి సంపుటం 1935లో, రెండోది 1937లో మద్రాసు విశ్వవిద్యాలయం వేసింది. 1955లో సవరించిన కూర్పు వచ్చింది. రాజుల వరస ఒక్కటే కాదు అందులో ఉన్నది. గ్రామ సభలు, పన్నులు, భూమి కొలతలు, గుళ్ల ఆస్తులు, వర్తక సంఘాలు, చదువులు, అన్నిటికీ చోటుంది.

కుండలో చీట్లు

కాంచీపురానికి దగ్గరలోని ఉత్తరమేరూరు పేరు ఇప్పుడు ఎన్నికల మాట వచ్చినప్పుడల్లా వినిపిస్తుంది. పరాంతక చోళుడి కాలంలో, 919లోను 921లోను, ఆ ఊరి సభ చేసుకున్న కట్టుబాట్లు అక్కడి గోడ మీద ఉన్నాయి. ఊరిని 30 వార్డులుగా విభజించారు. నిలబడేవాడి వయసు 35కు తగ్గకూడదు, 70 దాటకూడదు. పన్ను కట్టే భూమి, సొంత స్థలంలో ఇల్లు ఉండాలి. అంతకుముందు సభ్యుడిగా ఉండి లెక్కలు చెప్పనివాడికి, అతని దగ్గరి బంధువులకు అవకాశం లేదు. తాటాకు మీద పేర్లు రాసి కుండలో వేసి, చిన్న పిల్లవాడిచేత తీయించేవారు.

1932లో అచ్చయిన చోళ పాలన వ్యాసాల్లో శాస్త్రి ఈ శాసనాలను నిశితంగా పరిశీలించారు. ఉత్తరమేరూరు బ్రాహ్మణులకు దానమిచ్చిన ఊరు. అక్కడి సభ వేరు, మామూలు రైతుల ఊళ్లలో ఉండే 'ఊర్' వేరు, వర్తకుల 'నగరం' వేరు. ఒక్క శాసనం పట్టుకుని దేశమంతా అలాగే ఉండేదనడం కుదరదన్నమాట. ప్రాచీన చరిత్ర చదివేవారికి ఈ జాగ్రత్తే మొదటి పాఠం.

వేంగి నుంచి గంగైకొండ దాకా

చోళుల చరిత్రలో తెలుగువాళ్ల పాత్ర చిన్నది కాదు. రాజరాజు తన కూతురు కుందవ్వను వేంగి చాళుక్యుడు విమలాదిత్యుడికి ఇచ్చాడు. వాళ్ల కొడుకే రాజమహేంద్రవరం ఏలిన రాజరాజ నరేంద్రుడు, నన్నయచేత భారతం చెప్పించిన రాజు. ఆయన పెళ్లాడింది రాజేంద్ర చోళుడి కూతురు అమ్మంగదేవిని. వాళ్ల కొడుకు 1070లో చోళ సింహాసనం ఎక్కి కులోత్తుంగుడయ్యాడు. అంటే గోదావరి ఒడ్డు మనవడు కావేరి ఒడ్డున రాజయ్యాడు.

ఆ సింహాసనం న్యాయంగా వచ్చిందా, లాక్కున్నాడా అన్నది పెద్ద తగువు. పడమటి చాళుక్యుల ఆస్థాన కవి బిల్హణుడు ఒకలా రాశాడు. కులోత్తుంగుడి కళింగ విజయాన్ని పాడిన తమిళ పరణి ఇంకోలా చెబుతుంది. ఒకరు శత్రువు కొలువులో ఉన్నారు, ఇంకొకరు సొంత కొలువులో ఉన్నారు. శాస్త్రి ఈ రెండింటినీ వేంగి, చోళ శాసనాల పక్కన పెట్టి తూచారు. ఒక్క తమిళమో, ఒక్క తెలుగో, ఒక్క సంస్కృతమో చూసుకుంటే ఈ కథ సగమే తెలుస్తుంది.

యానాంకు దగ్గరలోని ద్రాక్షారామం గుడిలో చోళుల కాలపు శాసనాలు ఇప్పటికీ చూడొచ్చు. పూరీ జగన్నాథుడి గుడి కట్టించిన అనంతవర్మ పేరులో చోడగంగ అని ఉండటానికి కారణం తల్లి చోళ రాజకుమార్తె కావడమే. తమిళనాడు, ఆంధ్ర, ఒడిశా అని ఇప్పుడు విడివిడిగా చదువుకునే చరిత్ర అప్పట్లో ఒకే చుట్టరికం.

రేనాటి రాళ్ల మీద తెలుగు

తెలుగుకు శాస్త్రి చేసిన మేలు ఇంకొకటుంది. కడప జిల్లా ప్రాంతమైన రేనాడును ఏలిన చోళులు తాము కావేరి నాటి కరికాలుడి వంశమని చెప్పుకున్నారు. తెలుగులో శాసనాలు రాయించిన తొలి రాజులు వాళ్లే. ఆ రేనాటి తెలుగు శాసనాలు పదింటిని శాస్త్రి, శాసన పరిశోధకుడు ఎం. వెంకటరామయ్యతో కలిసి పరిష్కరించి ఎపిగ్రాఫియా ఇండికా 27వ సంపుటంలో ప్రకటించారు. అది 1947-48 సంవత్సరాల సంపుటం. క్రీ.శ. 575 ప్రాంతానిదని పండితులు లెక్కగట్టిన కలమళ్ల శాసనం వాటిలోదే. తెలుగు ప్రాచీనత గురించి మాట్లాడినప్పుడల్లా మనం చూపించే రాయి అది.

అంతకుముందు 1946లో నేలటూరి వెంకటరమణయ్యతో కలిసి విజయనగర చరిత్రకు మరిన్ని ఆధారాలను మూడు సంపుటాలుగా తెచ్చారు. తెలుగు కావ్యాలు, ఊరూరా కరణాలు రాసిన కైఫీయతులు చరిత్రకు ఎలా పనికొస్తాయో ఆ సంపుటాల్లో కనిపిస్తుంది.

విద్యార్థుల చేతికి పని

చేపాక్‌లో సముద్రానికి ఎదురుగా ఉన్న విశ్వవిద్యాలయంలో శాస్త్రి 17 ఏళ్లు పరిశోధక విద్యార్థులను తీర్చిదిద్దారు. పెద్ద విషయాన్ని ముక్కలుగా విడదీసి, ఒక్కొక్కరికి ఒక రాజవంశమో, ఒక కాలమో అప్పగించడం ఆ రోజుల్లో అక్కడ జరిగిన పని. టి.వి. మహాలింగం విజయనగర కాలపు పాలన, సంఘ జీవితం మీద పరిశోధించారు. 1940లో ఆ పుస్తకం వచ్చింది. తర్వాతి రోజుల్లో అదే విశ్వవిద్యాలయంలో ప్రాచీన చరిత్ర, పురావస్తు శాస్త్రానికి విడిగా ఏర్పడిన శాఖను నడిపిందీ ఆయనే.

శాస్త్రి దగ్గర చదివినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సింది కడంబి మీనాక్షి గురించి. 1905లో పుట్టిన ఆమె పల్లవుల పాలన, సంఘ జీవితం మీద పరిశోధన చేశారు. 1936లో డాక్టరేట్ అందుకున్నారు. మద్రాసు విశ్వవిద్యాలయం నుంచి ఆ పట్టా పొందిన మొదటి మహిళ ఆమే. ఆడపిల్లలు డిగ్రీ దాకా చదవడమే గొప్పగా ఉన్న రోజుల్లో గుళ్ల వెంట తిరిగి శాసనాలు, శిల్పాలు పరిశీలించి రాశారు. 1938లో గ్రంథం అచ్చయింది. 1939లో బెంగుళూరు మహారాణి కళాశాలలో ఉద్యోగం వచ్చింది. ఇక కుదురుకున్నారు అనుకునేలోగా, 1940 మార్చిలో, జబ్బుచేసి చనిపోయారు. అప్పటికి ఆమెకు 34 ఏళ్లే. కంచి వైకుంఠ పెరుమాళ్ గుడి చుట్టు మండపంలో పల్లవ రాజుల కథను చెప్పే శిల్పాల వరస ఉంది. దానిమీద ఆమె రాసిన పుస్తకాన్ని 1941లో పురావస్తు శాఖ వెలువరించింది. రచయిత్రి మాత్రం దాన్ని చూసుకోలేదు.

పరిశోధన ఎలా చేయాలన్నదాని మీదే శాస్త్రి ఒక చిన్న పుస్తకం రాశారు. దక్షిణ భారత చరిత్ర సమస్యలకు చరిత్ర పద్ధతిని ఎలా అన్వయించాలన్నది విషయం. 1941లో వచ్చింది. దానికి రెండేళ్ల ముందు, గ్రీకులు, అరబ్బులు, చైనావాళ్లు దక్షిణ దేశం గురించి రాసిన సంగతుల్ని ఒకచోట చేర్చి ఇచ్చారు. రాజు తన గురించి తాను చెక్కించుకున్న పొగడ్తకు బయటివాడి సాక్ష్యం తోడుంటే మంచిది కదా. అదే దారిలో ఆగ్నేయాసియాలోని శ్రీవిజయ రాజ్యం మీద 1949లో మరో గ్రంథం వచ్చింది.

వేలెత్తి చూపినవాళ్లూ ఉన్నారు

అంత పెద్ద పని చేసినవాడికి విమర్శలు తప్పవు. తమిళ సాహిత్యం మీద ఆయనకు కావలసినంత పట్టు లేదని, సంఘ కాలపు కావ్యాల విషయంలో పండితుడు ఎస్. వైయాపురి పిళ్లై మీద ఆధారపడ్డారని అన్నవాళ్లున్నారు. రాసినదంతా ఇంగ్లీషులోనే రాశారన్నది మరో ఫిర్యాదు. దక్షిణాది సంస్కృతిలో సంస్కృతానికి మరీ ఎక్కువ వాటా ఇచ్చారని ద్రావిడ భావాలవాళ్లు గట్టిగానే తప్పుపట్టారు.

చరిత్రకారుల అభ్యంతరం ఇంకో రకం. చోళ రాజ్యాన్ని బలమైన కేంద్రం, క్రమబద్ధమైన ఉద్యోగ వ్యవస్థ ఉన్న సామ్రాజ్యంగా శాస్త్రి చిత్రించారు. రాజు పట్టు అంత దూరం సాగేది కాదని, నాడుల్లోని రైతు పెద్దలదే అసలు బలమని అమెరికా చరిత్రకారుడు బర్టన్ స్టెయిన్ 1980లో వాదించాడు. జపాన్ పండితుడు నొబొరు కరాషిమా, వై. సుబ్బరాయలు మరో దారి పట్టారు. శాసనాల్లోని మనుషుల పేర్లు, బిరుదులు, పన్నుల పేర్లు వేల సంఖ్యలో పట్టికలు వేసి లెక్కగట్టారు. రాజరాజు కాలంలో ఎలా ఉంది, వందేళ్ల తర్వాత ఎలా మారింది అని విడదీసి చూపించారు.

ఈ విమర్శల్లో నిజముంది. అయితే ఆయన్ని దాటి వెళ్లాలనుకున్నవాళ్లు కూడా ఆయన పేర్చిన కాలక్రమం మీద నిలబడే మాట్లాడారు. చరిత్రలో కొత్త ఆధారం, కొత్త పద్ధతి వస్తే పాత నిర్ణయం మారుతుంది. ఆయన కూడా 1955 కూర్పులో తన మాటలు తానే సవరించుకున్నారు.

గీతలు గీసే ముందు

విశ్వవిద్యాలయం వదిలాక కూడా ఊరికే కూర్చోలేదు. 1952 నుంచి 1955 దాకా మైసూరు విశ్వవిద్యాలయంలో భారతీయ విద్యల ఆచార్యుడిగా పనిచేశారు. 1957లో పద్మభూషణ్ వచ్చింది. అదే ఏడు మద్రాసులో ఆగ్నేయాసియా సంప్రదాయ సంస్కృతుల సంస్థకు డైరెక్టరయ్యారు. 80వ ఏట దాకా ఆ బాధ్యత మోశారు. 1975 జూన్ 15న కన్నుమూశారు.

ఆయన పుస్తకాల్లో ఎక్కువమంది చదివినది దక్షిణ భారత చరిత్ర. ఆదిమ కాలం నుంచి విజయనగర పతనం దాకా ఒకే సంపుటంలో చెప్పిన ఆ గ్రంథం 1955లో వచ్చింది. ఆ ఏడు గుర్తుపెట్టుకోదగ్గది. అప్పటికి గంజాం, పర్లాకిమిడి ఒడిశాలో కలిసి 19 ఏళ్లయింది. ఆంధ్ర రాష్ట్రం విడిపోయి, బళ్లారి మైసూరుకు వెళ్లి రెండేళ్లయింది. మరుసటి ఏడు భాషల వారీగా రాష్ట్రాలు ఏర్పడ్డాయి. 1960లో తిరుత్తణి మద్రాసుకు మారింది. రాష్ట్రాలు ఏర్పడ్డాక బడి పుస్తకాల్లో ఎవరి రాజులు వాళ్లకు పోయారు. శాస్త్రి పుస్తకంలో పల్లవులు, చాళుక్యులు, చోళులు, కాకతీయులు, హొయసలులు ఒకే పటం మీద ఉంటారు.

సరిహద్దు జిల్లాల్లోని తెలుగు పిల్లలకు ఇంట్లో నేర్చిన భాష ఒకటి, బడిలో రాసే లిపి ఇంకొకటి. ఉద్యోగాల వేటలో ఇది రెంటికీ చెడ్డ బతుకులా అనిపించే సందర్భాలు లేకపోలేదు. ప్రాచీన చరిత్ర ఎం.ఎ. తరగతిలో మాత్రం ఇదే పెట్టుబడి. హోసూరులోనో, బళ్లారిలోనో, పర్లాకిమిడిలోనో గుడి గోడ మీద రెండు లిపులు పక్కపక్కన కనిపిస్తే, రెండూ కూడబలుక్కుని చదవగలిగే పిల్లవాడికి సగం పని ముందే అయిపోయినట్టు. మిగతా సగానికి పాత లిపి, కాస్త సంస్కృతం, చాలా ఓపిక కావాలి. తమిళనాట పుట్టిన తెలుగు కుటుంబం పిల్లవాడు తంజావూరు గోడల్నీ, రేనాటి రాళ్లనీ రెండింటినీ చదివి లోకానికి వినిపించాడు. ఇంకా సరిగ్గా చదవని గోడలు మన ఊళ్ల చుట్టూ చాలానే ఉన్నాయి.